ఐదుసార్లు ప్రయత్నించి ఊరుకున్న పెట్టె

మా బ్యాచ్ వాళ్లం మైక్రోకంట్రోలర్ నేర్చుకున్నది 8051 మీద. ఒక టైమర్ నడపాలంటే ఏ రిజిస్టర్‌లో ఏ బిట్టు ఏం చేస్తుందో పుస్తకంలో చూసుకుని, ఎంత విలువ వేస్తే ఎన్ని మిల్లీసెకన్లు వస్తాయో రఫ్ నోట్‌బుక్‌లో లెక్కగట్టి, కీల్ సాఫ్ట్‌వేర్‌లో కంపైల్ చేసి, ఎల్‌ఈడీ వెలిగితే ల్యాబ్‌లో ఈల వేసేవాళ్లం. వెలగకపోతే తప్పు వెతకాల్సిన చోటు చిన్నది. మనం రాసిన నాలుగు లైన్లలోనే ఎక్కడో ఉంటుంది.

ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు ఈఎస్‌పీ32 చేతికొచ్చింది. షాంఘైలోని ఎస్ప్రెసిఫ్ కంపెనీ 2016లో తెచ్చిన చిప్పు. రెండు కోర్లు, 240 మెగాహెర్ట్జ్ వేగం, 520 కిలోబైట్ల ర్యామ్, లోపలే వైఫై, బ్లూటూత్. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్తే కొన్ని వందల రూపాయలకు బోర్డు వస్తుంది. దీనికి ఆ కంపెనీ ఉచితంగా ఇచ్చే ఎస్‌డీకే, అంటే సాఫ్ట్‌వేర్ డెవలప్‌మెంట్ కిట్, పేరు ఈఎస్‌పీ-ఐడీఎఫ్. కంపైలర్, డ్రైవర్లు, ఫ్రీఆర్‌టీఓఎస్ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్, నెట్ కోసం ఎల్‌డబ్ల్యూఐపీ, ఎన్‌క్రిప్షన్ కోసం ఎంబెడ్ టీఎల్‌ఎస్, ఇవన్నీ ఎలా వాడాలో చూపించే బోలెడన్ని ఉదాహరణ ప్రోగ్రాములు, అన్నీ ఒకే మూటలో ఉంటాయి. వైఫై డ్రైవర్ మాత్రం సోర్సు లేకుండా ముందే కంపైల్ చేసిన లైబ్రరీగా వస్తుంది.

8051 మీద సీరియల్ పోర్టులో ఒక అక్షరం పంపడానికి తిప్పలు పడ్డవాడికి, ఒక్క సాయంత్రంలో బోర్డు వైఫై ఎక్కి, ఎక్కడో ఉన్న సర్వర్‌కు మెసేజ్ పంపితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నేనేదో సాధించానని అనుకున్నాను. నిజానికి ఆ సాయంత్రం నేను చేసిందల్లా మూడు ఉదాహరణలను ఒక ఫోల్డర్‌లోకి తెచ్చి, పాస్‌వర్డు మార్చడమే. అందులో తప్పేం లేదు, ఉదాహరణలు ఉండేది అందుకే. నేను పాడుచేసింది ఆ తర్వాత. ఆ ఫోల్డర్‌నే ప్రొడక్టు అన్నాను.

ప్రొడక్టు ఏమిటంటే, రొయ్యల చెరువుల మీద, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతున్నాయా లేదా అని కాపలా కాసే పెట్టె. గోదావరి జిల్లాల్లో 2009లో వనామి రకం రొయ్యకు అనుమతి వచ్చాక సాగు ఎలా పెరిగిందో ఆ ప్రాంతం వాళ్లకు చెప్పనక్కర్లేదు. చెరువు నీళ్లలో ఆక్సిజన్ పగలు నాచు, ప్లాంక్టన్ వల్ల పెరుగుతుంది. రాత్రి అవే ఆక్సిజన్ పీల్చుకుంటాయి కాబట్టి తగ్గుతూ వచ్చి, తెల్లారగట్ల అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. సరిగ్గా ఆ వేళకు ఏరియేటర్ ఆగిందంటే రొయ్య పైకి తేలుతుంది. పంట పెద్దదయ్యేకొద్దీ వ్యవధి తగ్గుతుంది. అందుకే గట్టు మీద మకాంలో రాత్రంతా ఒక మనిషి మేలుకుని ఉంటాడు. ఆ మనిషికి సాయంగా మా పెట్టె. ఒక్కో ఏరియేటర్ వైరుకు కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్, మా భాషలో సీటీ, బిగిస్తాం. మోటారు కరెంటు తీసుకోవడం ఆగితే పెట్టె వైఫై ద్వారా సర్వర్‌కు చెబుతుంది, సర్వర్ రైతు ఫోన్‌కు కాల్ చేస్తుంది. చెప్పుకోవడానికి బాగుంది కదా. మా చిన్న కంపెనీలో అందరికీ బాగానే అనిపించింది.

మొదటి దెబ్బ బోర్డు మీదే తగిలింది. ఈఎస్‌పీ32లో అనలాగ్ కొలతలకు రెండు యూనిట్లున్నాయి, ఏడీసీ1, ఏడీసీ2. రెండోదాన్ని వైఫై కూడా వాడుకుంటుంది. వైఫై నడుస్తుండగా ఏడీసీ2 పిన్నుల మీద కొలత తీయబోతే ఫంక్షన్ టైమౌట్ ఎర్రర్ ఇస్తుంది. ఇది డాక్యుమెంట్‌లో దాపరికం లేకుండా రాసి ఉంది. నేను చదవలేదు. సీటీలను 25, 26, 27 పిన్నులకు కలిపాను, అవి మూడూ ఏడీసీ2వే. బల్ల మీద కొలతల ప్రోగ్రాము విడిగా నడిపి చూశాను, అంకెలు చక్కగా వచ్చాయి. వైఫై ప్రోగ్రాము విడిగా నడిపాను, అదీ బాగుంది. పీసీబీ ప్రింటుకు పంపేశాం. బోర్డులొచ్చాక రెండూ కలిపి నడిపితే ఏరియేటర్ ఆపినా ఆపకపోయినా ఒకటే అంకె. ఎందుకంటే ఫంక్షన్ వెనక్కిచ్చే ఎర్రర్ కోడ్ నేను చూడటం లేదు. కొలత విఫలమైన ప్రతిసారీ వేరియబుల్‌లో మిగిలిన పాత విలువనే సర్వర్‌కు పంపుతున్నాను. 32 నుంచి 39 వరకున్న పిన్నులు ఏడీసీ1వి. మొదటి బ్యాచ్ బోర్డుల మీద ట్రాక్ కోసి, సన్న జంపర్ వైర్లతో వాటికి మళ్లించాం. ఒక్కో బోర్డు మీద ఆ వైర్లు అంటిస్తున్నప్పుడు మా టెక్నీషియన్ ఏమీ అనలేదు, అంటే బాగుండేది.

దీన్నుంచి నేను నేర్చుకోవాల్సింది నేర్చుకోలేదు. పిన్నులు చూసుకోవాలి అని మాత్రం నేర్చుకున్నాను.

రెండోది చిన్నది, కానీ నా బుద్ధి ఎలా పనిచేసిందో చెబుతుంది. పెట్టె మీదున్న బటన్ నొక్కారా లేదా అని 5 మిల్లీసెకన్లకోసారి చూసే టాస్క్ ఒకటి రాశాను. ఫ్రీఆర్‌టీఓఎస్‌లో ఆగడం మిల్లీసెకన్లలో కాదు, టిక్కుల్లో. ఈఎస్‌పీ-ఐడీఎఫ్ డీఫాల్ట్ సెకనుకు 100 టిక్కులు, అంటే ఒక్కో టిక్కు 10 మిల్లీసెకన్లు. 5 మిల్లీసెకన్లను టిక్కుల్లోకి మార్చే మాక్రో పూర్ణాంకాల భాగహారం చేసి సున్నా ఇస్తుంది. సున్నా టిక్కులు ఆగు అంటే ఆగడమే ఉండదు. నా బటన్ టాస్క్ ఒక కోరును పూర్తిగా పట్టుకుని కూర్చుంది, అన్నిటికంటే కింది ప్రాధాన్యం ఉన్న ఐడిల్ టాస్క్‌కు వంతే రాలేదు. ఎస్‌డీకే దీన్ని కనిపెట్టింది కూడా. టాస్కులు ఇరుక్కుంటే హెచ్చరించే టాస్క్ వాచ్‌డాగ్ మోగిందని స్క్రీన్ మీద ఐదేసి సెకన్లకు మెసేజ్ వస్తూనే ఉంది. డెలివరీ ఒత్తిడిలో నేను చేసిన పని: ఎస్‌డీకే సెట్టింగులుండే మెనూకాన్ఫిగ్ తెరిచి ఆ వాచ్‌డాగ్‌ను ఆపేశాను. మెసేజ్‌లు ఆగిపోయాయి. సమస్య పోయిందని టికెట్ మూసేశాను.

ఇంకోటి. ఎస్‌డీకే ఉదాహరణల్లో దాదాపు ప్రతి పిలుపు చుట్టూ ఒక ఎర్రర్ చెక్ మాక్రో చుట్టి ఉంటుంది. పిలుపు విఫలమైతే ఆ మాక్రో ఎక్కడ, ఏ ఎర్రరో ముద్రించి ప్రోగ్రామును అబార్ట్ చేస్తుంది, చిప్పు రీస్టార్ట్ అవుతుంది. నేర్చుకునేవాడికి ఇదే మేలు, తప్పు అక్కడికక్కడే కనబడుతుంది. చెరువు గట్టు మీద ఏమైందంటే, మా పెట్టెలో తేదీ, టైమ్ చెప్పే డీఎస్3231 చిప్పు కనెక్టర్ ఉప్పుగాలికి పచ్చబడి వదులైంది. టైమ్ చదవబోతే ఎర్రర్, ఎర్రర్ రాగానే అబార్ట్, రీస్టార్ట్, మళ్లీ టైమ్ చదవబోతే ఎర్రర్. గంటల తరబడి అదే పని. టైమ్ తెలియకపోయినా ఏరియేటర్ ఆగిందో లేదో చెప్పడానికి ఏ ఇబ్బందీ లేదు. అయినా ఒక గడియారం చిప్పు వదులైనందుకు మొత్తం కాపలానే ఎత్తేసిన పెట్టె తయారుచేశాం. ఆ కనెక్టర్‌ను మార్చి, సిలికాన్ పూసి వచ్చాం. కోడ్ జోలికి వెళ్లలేదు.

ఇక అసలు సంగతి.

వైఫై కోసం నేను తీసుకున్నది ఎస్‌డీకేలోని స్టేషన్ ఉదాహరణ. రౌటర్‌కు కనెక్ట్ అవుతుంది. తెగితే మళ్లీ ప్రయత్నిస్తుంది. ఎన్నిసార్లు ప్రయత్నించాలో ఒక సెట్టింగు ఉంది, డీఫాల్ట్ విలువ 5. అయిదోసారి కూడా కుదరకపోతే, కనెక్ట్ కాలేకపోయాను అని ఒక లైను ముద్రించి ఊరుకుంటుంది. ఇక ఎప్పటికీ ప్రయత్నించదు. ఉదాహరణగా ఇది సబబే. పాస్‌వర్డు తప్పు కొట్టిన కుర్రాడి స్క్రీన్ నిండా అదే లైను తిరుగుతూ ఉండకూడదు కదా. రౌటర్ కనబడనప్పుడు ఒక్కో ప్రయత్నం కొద్ది సెకన్లలో తేలిపోతుంది, అయిదూ కలిపినా పావు నిమిషం పట్టదు.

కోడ్‌లో ఈ సెట్టింగు పేరు ఎగ్జాంపుల్ అనే మాటతోనే మొదలవుతుంది. ఉదాహరణ ఫైలు తల మీద, ఇది పబ్లిక్ డొమైన్‌లో ఉంది, ఏ హామీ లేకుండా ఇస్తున్నాం అనే కామెంట్ కూడా ఉంటుంది. నేను ఆ కామెంట్ తీసేసి మా కంపెనీ కాపీరైట్ పెట్టాను. తర్వాత ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టి, ఎగ్జాంపుల్ అన్న చోటల్లా మా కంపెనీ పేరులోని మూడక్షరాలు వేశాను. ఇది ఉదాహరణే, జాగ్రత్త అని ఎస్‌డీకే రాసినవాళ్లు పెట్టిన గుర్తులన్నీ నా చేత్తో నేనే చెరిపేశాను. తర్వాత కోడ్ రివ్యూలో కూర్చున్నవాళ్లకు అది మా సొంత, ఆలోచించి రాసిన కోడ్‌లాగే కనిపించింది. ప్రయత్నాలు 5 అని ఉంటే, ఎవరో లెక్కేసి పెట్టారనే అనుకుంటారు.

పరీక్షించలేదా అంటే, పరీక్షించాను. సర్వర్ ఆపి మళ్లీ పెట్టాను, పెట్టె దానంతట అదే తిరిగి కలుసుకుంది. ఎందుకంటే సర్వర్‌తో మాట్లాడే, ఎస్‌డీకేలోని ఎంక్యూటీటీ క్లయింట్ తెగితే తనంతట తాను మళ్లీ కనెక్ట్ అవుతుంది, అది దాని డీఫాల్ట్. పై అంతస్తులో ఉన్నది అలా చేస్తే కింది అంతస్తులో ఉన్న వైఫై కూడా అలాగే చేస్తుందని మనసులో ఖాయం చేసుకున్నాను. ఒకే ఎస్‌డీకే, ఒకే కంపెనీ, రెండు పొరలు, రెండు రకాల డీఫాల్ట్. వైఫై కూడా చూశాను: నా ఫోన్ హాట్‌స్పాట్ ఆపి, మళ్లీ నొక్కాను. వెంటనే వచ్చేసింది. హాట్‌స్పాట్ అలా ఆపి ఇలా పెడితే మూడో ప్రయత్నానికో నాలుగో ప్రయత్నానికో దొరికిపోతుంది. గట్టు మీద ఉండేది ఫోను కాదు, సిమ్ వేసిన 4జీ రౌటర్. కరెంటు పోయి వచ్చాక అది లేచి, టవర్ పట్టుకుని, వైఫై పేరు చూపించేసరికి నిమిషం దాటుతుంది.

సూచనలు రాలేదని కూడా అనలేను. సపోర్టుకు ఫోన్లొచ్చేవి. “ఆపి పెడితే వస్తోందండీ” అనేవారు రైతులు. మా సపోర్టు అమ్మాయి కూడా అదే నేర్చుకుని, ఎవరు ఫోన్ చేసినా, “ఒకసారి ఆపి పెట్టండి సార్” అని చెప్పేది. రౌటర్ అప్పటికే లేచి ఉంటుంది కాబట్టి, పెట్టె ఆపి పెట్టగానే కలిసిపోయేది. ఆ కాల్స్ లిస్టు ప్రతి సోమవారం నాకు మెయిల్‌లో వచ్చేది. నెట్‌వర్క్ సమస్యలు అనే కాలమ్‌లో ఉండేవి కాబట్టి, నెట్‌వర్క్ వాళ్లవి అనుకుని వదిలేసేవాణ్ణి.

భీమవరం దగ్గర ఒక చెరువు. ఎండాకాలం, పంట పెద్దదైంది, ఇంకొన్నాళ్లకు పట్టుబడి, అంటే రొయ్య పట్టి అమ్మేయడం. అర్ధరాత్రి దాటాక కరెంటు పోయింది. మకాంలో ఉన్న కుర్రాడు లేచి, జనరేటర్ వేసి, ఒక్కో స్టార్టర్ దగ్గరికీ వెళ్లి పచ్చబటన్ నొక్కి, అన్ని ఏరియేటర్లూ తిరుగుతున్నాయని చూసుకున్నాడు. మా పెట్టె వైపు కూడా చూశాడు. ఆకుపచ్చ దీపం వెలిగి ఆరుతూ ఉంది. పడుకున్నాడు. ఆ పెట్టె లేని రోజుల్లో అయితే పడుకునేవాడు కాదు.

మా పెట్టెకు బ్యాటరీ ఉంది, కరెంటు పోయినా నడుస్తూనే ఉంటుందని బ్రోచర్‌లో రాసుకున్నాం. రౌటర్‌కు లేదు. కాబట్టి కరెంటు పోయిన క్షణంలో రౌటర్ ఆరిపోయింది, పెట్టె అయిదుసార్లు వెతికి ఊరుకుంది. జనరేటర్ వచ్చింది, రౌటర్ లేచింది, పెట్టె మాత్రం మళ్లీ తల తిప్పి చూడలేదు. ఆకుపచ్చ దీపం మాటేమిటంటే, అది ఇంకో టాస్క్. ఎస్‌డీకేలోని బ్లింక్ ఉదాహరణ నుంచి తెచ్చాను. ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంటే అది వెలుగుతుంది, ఆరుతుంది. వైఫై ఉందా, సర్వర్ వింటోందా అనే ఊసే దానికి లేదు. తెల్లారగట్ల ఒక వైపున్న రెండు ఏరియేటర్ల ఓవర్‌లోడ్ రిలేలు ట్రిప్ అయ్యాయి. పెట్టె సరిగ్గా కనిపెట్టింది. కరెంటు సున్నా అని తెలుసుకుంది, అలర్ట్ తయారు చేసింది. పంపడానికి దారి లేదు.

రొయ్యలు తేలాక వాళ్లకు తెలిసింది. ఉన్నవాటిని కాపాడుకోవడానికి మర్నాడే పట్టుబడి పెట్టారు. అనుకున్న కౌంటు రాలేదు, అనుకున్న ధరా రాలేదు. మేం వెళ్లేసరికి ఆ రైతు మకాం ముందు కుర్చీలో కూర్చుని ఉన్నారు. అరుస్తారనుకున్నాను. ఆయన పెట్టె వైపు చూపించి, “దీపం రాత్రంతా వెలుగుతూనే ఉందంట కదా బాబూ. మరి నాకు ఫోనెందుకు రాలేదు?” అన్నారు.

“నెట్‌వర్క్ ప్రాబ్లం అయ్యుంటుంది బాబాయ్ గారూ” అన్నాను. కారులో వస్తున్నప్పుడు మా మేనేజర్ అలా చెప్పమన్న మాట నిజమే. కానీ అన్నది నేను. అప్పటికి నాకు కారణం తెలియదు, కాబట్టి అబద్ధమూ కాదు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తెలియదు అని చెప్పే వీలు కూడా ఉందని అప్పుడు తట్టలేదు.

కారణం దొరకడానికి పట్టిన ఆలస్యంలోనూ నా అజ్ఞానమే ఉంది. పెట్టెకు ల్యాప్‌టాప్ తగిలించి సీరియల్ మానిటర్ తెరిచాను. తెరవగానే అంతా బాగుంది, వైఫై కనెక్ట్ అయింది, సర్వర్‌కు మెసేజ్ వెళ్లింది. ఇంకో చెరువు మీద ఇలాగే పలకని పెట్టె ఉందంటే అక్కడికెళ్లి తగిలించాను, అదీ బాగానే ఉంది. దెయ్యం పట్టిందా అనిపించింది. సంగతేమిటంటే, ఈఎస్‌పీ32 బోర్డుల మీద ప్రోగ్రాము ఎక్కించడానికి వీలుగా సీరియల్ పోర్టు నుంచి రీసెట్ చేసే సర్క్యూట్ ఉంటుంది, మానిటర్ తెరిచినప్పుడు అది చిప్పును రీస్టార్ట్ చేస్తుంది. అంటే నేను రోగిని చూడటానికి వెళ్లిన ప్రతిసారీ, తలుపు తీయగానే రోగం నయమైపోతోంది. చివరికి ఆఫీసులో అలాంటి 4జీ రౌటర్‌నే తెచ్చి, ప్లగ్ పీకి, టీ తాగొచ్చి మళ్లీ పెట్టాను. రీసెట్ లైన్లు కలపకుండా ముందే తగిలించి ఉంచిన వైరులో, రౌటర్ పోయిన కొద్ది సెకన్లకే చివరి లైను వచ్చి ఉంది: కనెక్ట్ కాలేకపోయాను. దాని తర్వాత ఏమీ లేదు.

ఆ లైను నేను అంతకుముందు చూసిందే. మొదటి సాయంత్రం, పాస్‌వర్డు తప్పు కొట్టినప్పుడు.

ఇలాంటివి నాలాంటి వాళ్లకే జరుగుతాయనుకునేవాణ్ణి. మార్స్ పాత్‌ఫైండర్ కథ తర్వాత చదివాను. 1997 జూలై 4న అంగారకుడి మీద దిగిన నాసా నౌక. కొద్దిరోజులకు దానంతట అది రీసెట్ అవడం మొదలుపెట్టింది. అందులో వాడింది వీఎక్స్‌వర్క్స్ అనే రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్. వాతావరణ సమాచారం తెచ్చే చిన్న టాస్క్ ఒక తాళం పట్టుకుని ఉండగా, మధ్య ప్రాధాన్యం ఉన్న టాస్కులు దాన్ని పక్కకు నెట్టి పనిచేసుకునేవి. ఆ తాళం కోసం పెద్ద టాస్క్ ఎదురుచూస్తూ ఉండిపోయేది. అది పని ముగించలేదని చూసి నౌక రీసెట్ అయ్యేది. తాళం పట్టుకున్న చిన్న టాస్క్‌కు తాత్కాలికంగా పెద్ద ప్రాధాన్యం ఇచ్చే ఏర్పాటు వీఎక్స్‌వర్క్స్‌లో ఉంది. ఆ తాళానికి మాత్రం అది డీఫాల్ట్‌గా ఆపి ఉంది. తాళాన్ని వాళ్ల కోడ్ నేరుగా సృష్టించనూ లేదు, ఆపరేటింగ్ సిస్టమ్‌లోని సెలెక్ట్ అనే సదుపాయం లోపల్లోపల సృష్టించింది. జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీ ఇంజినీర్లు భూమి మీదున్న నకలులో దాన్ని మళ్లీ జరిగేలా చేసి, ఆ ఒక్క సెట్టింగును మార్చే ప్యాచ్ అంగారకుడికి పంపారు.

ఆ కథలో నాకు గుచ్చుకున్నది ఇంకోటి. ప్రయోగానికి ముందు పరీక్షల్లో కూడా ఆ రీసెట్ అరుదుగా కనబడింది, మళ్లీ తెప్పించలేకపోయారు. మా సోమవారం మెయిల్ గుర్తొచ్చింది. పోలిక అక్కడితో ఆగిపోతుందని కూడా చెప్పాలి. వాళ్లు లోపలేం జరుగుతోందో నమోదు చేసే సదుపాయాన్ని నౌకలోనే ఉంచి పంపారు, అదే వాళ్లను కాపాడింది. నేను వాచ్‌డాగ్ మెసేజ్ ఆపేసి పంపినవాణ్ణి.

తర్వాత ఏం మార్చామంటే, ముందు వైఫై. ప్రయత్నాలకు హద్దు తీసేశాం, విఫలమైన కొద్దీ విరామం పెంచుకుంటూ ఎప్పటికీ వెతుకుతూనే ఉంటుంది. కొంతసేపు సర్వర్ నుంచి జవాబు రాకపోతే వైఫైని మొదటి నుంచి మొదలుపెడుతుంది, అప్పటికీ రాకపోతే తనే రీస్టార్ట్ అవుతుంది. ఆకుపచ్చ దీపాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి తప్పించి, సర్వర్ జవాబిచ్చినప్పుడే వెలిగేలా చేశాం. పెట్టెకు సైరన్ తగిలించాం, నెట్ ఉన్నా లేకపోయినా గట్టు మీద మోగుతుంది. మొదటి రోజే ఉండాల్సింది, ఖర్చని తీసేశాం. అన్నిటికంటే పెద్ద మార్పు మాత్రం పెట్టెలో కాదు, సర్వర్‌లో జరిగింది. ఇంతకుముందు సర్వర్ చెడు వార్త కోసం ఎదురుచూసేది. ఇప్పుడు ప్రతి పెట్టె నిమిషానికోసారి బాగున్నాను అని చెప్పాలి. ఐదు నిమిషాలు ఏ పెట్టె పలకకపోయినా సర్వర్ రైతుకు ఫోన్ చేస్తుంది. మొదట్లో అర్ధరాత్రి ఉత్తుత్తి ఫోన్లొస్తున్నాయని తిట్టారు. తిట్లు పడటమే నయం.

ఎర్రర్ చెక్ మాక్రోలను ఒక్కొక్కటే తీసి చూడటం విసుగు పని, కానీ కళ్లు తెరిపించింది అదే. ప్రతి చోటా ఒకే ప్రశ్న వేసుకోవాల్సి వచ్చింది: ఇది విఫలమైతే పెట్టె ఏం చేయాలి? గడియారం చిప్పు పోతే సర్వర్ టైమ్‌తో సరిపెట్టుకోవాలి. సీటీ కొలత పోతే తెలియదు అని సర్వర్‌కు చెప్పాలి, పాత అంకె పంపకూడదు. మెమరీ అసలు దొరకకపోతే రీస్టార్ట్ కావడమే మంచిది, అక్కడ మాక్రో అలాగే ఉంచాం. ఈ ప్రశ్నలకు జవాబు చిప్పు కంపెనీ దగ్గర ఉండదు. వాళ్లకు చెరువు తెలియదు. నాకు తెలుసు, అయినా నేను జవాబు చెప్పకుండా వాళ్ల ఉదాహరణ చేత చెప్పించాను. వాచ్‌డాగ్ మళ్లీ పెట్టిన రోజు, పాత బటన్ టాస్క్ దొరకడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఫైండ్ అండ్ రీప్లేస్‌ను కూడా వెనక్కి తిప్పాను. ఇప్పుడు మా దగ్గర ఉదాహరణ నుంచి తెచ్చిన ప్రతి ముక్క, ఎగ్జాంపుల్ అనే పేరుతోనే ఉంటుంది. ఎవరైనా కూర్చుని లైను లైనూ చదివి, ఇది మాకు ఎందుకు ఇలా ఉండాలో రాశాకే ఆ పేరు మారుతుంది. రిలీజ్ చేసేటప్పుడు కోడ్‌లో ఆ మాట ఎక్కడైనా మిగిలుంటే బిల్డ్ ఆగిపోతుంది. మెనూకాన్ఫిగ్‌లో మార్చినవన్నీ దాచే ఫైలు కూడా ఇప్పుడు గిట్‌లో ఉంది. ఒకప్పుడు నా ల్యాప్‌టాప్‌లో కట్టిన ఫర్మ్‌వేర్ ఒకటి, పక్క సీటు అతను కట్టింది ఇంకొకటి, రెండిటికీ ఒకటే వెర్షన్ నంబరు.

ఆ భీమవరం రైతు దగ్గరికి మళ్లీ వెళ్లి, నెట్‌వర్క్ ప్రాబ్లం కాదండీ, మా ప్రోగ్రాములో తప్పు అని చెప్పాను. కంపెనీ ఆయనకు ఏం ఇచ్చింది, ఆయన ఎంత ఒప్పుకున్నారు అన్నది నా చేతిలో లేని సంగతి, ఇక్కడ రాయను. ఆయన అన్నదొకటి రాయొచ్చు. “ఆ రోజే తెలీదని చెప్తే ఆ రాత్రి నుంచే మనిషిని కూచోబెట్టుకునేవాణ్ణి కదా బాబూ” అన్నారు. నిజమే, నెట్‌వర్క్ అంటే ఎప్పుడో ఒకసారి పోయేది అనుకుని, ఆ పెట్టెనే నమ్ముకుని ఆయన పక్క చెరువును ఇంకొన్ని వారాలు నడిపారు.

సరిదిద్దిన ప్రోగ్రామును పెట్టెలన్నిటికీ గాలిలోనే పంపొచ్చు, ఎస్‌డీకేలో ఆ సదుపాయం ఉంది. కానీ కొత్త ప్రోగ్రాము వైఫై ఎక్కలేకపోతే పాతదానికి తిరిగి వెళ్లే రోల్‌బ్యాక్ ఏర్పాటు బూట్‌లోడర్‌లో ఉంటుంది, అదీ డీఫాల్ట్‌గా ఆపే ఉంటుంది. మొదటి బ్యాచ్ పెట్టెలన్నీ అలాగే వెళ్లిపోయాయి. గాలిలో పంపే అప్‌డేట్ అప్లికేషన్‌ను మారుస్తుంది గానీ మేం వాడిన వెర్షన్‌లో బూట్‌లోడర్‌ను ముట్టుకోదు. పైగా ఈఎస్‌పీ-ఐడీఎఫ్ ఒక్కో వెర్షన్‌కు కంపెనీ మద్దతు 30 నెలలు. మేం 2022 జనవరిలో వచ్చిన 4.4 మీద కట్టాం, దాని గడువు 2024 జూలైతో అయిపోయింది. 5కు మారదామని కంపైల్ కొడితే పేజీలకు పేజీలు ఎర్రర్లు. 32 బిట్ల అంకెల రకాన్ని ఇంట్ నుంచి లాంగ్‌కు మార్చారు, మా లాగ్ లైన్లన్నీ ఇంట్ అనుకుని రాసినవే. ఆ మార్పులు అయిపోవచ్చాయి. మొదటి బ్యాచ్ పెట్టెల బూట్‌లోడర్‌కు మాత్రం ల్యాప్‌టాప్, వైరు పట్టుకుని గట్టు గట్టుకూ వెళ్లాల్సిందే. చెరువులో పంట ఉండగా పెట్టె విప్పనివ్వరు, విప్పనివ్వకూడదు కూడా. పట్టుబడి అయి చెరువు ఎండగట్టినప్పుడే వెళ్తున్నాను, ఏ గట్టు మీద పట్టుబడి ఎప్పుడో సపోర్టు అమ్మాయి నా క్యాలెండర్‌లో పెడుతోంది.